దర్మి పెట్టె

ఇసియోలో బస్టాండు వెనక
టైర్ల గుట్టకీ మేకల సంతకీ నడుమ రేకుల కొట్టు నాది.
చచ్చిపోయిన ఫ్రిజ్‌లు నా దగ్గరికి నిలబడే వస్తాయి.
పొట్ట కోసి, ఇంకా ఏది బతికుందో వెతుకుతాను.
బోర్డు మీద నా పేరు, దబాసో, తప్పుగా రాశాడు పెయింటరు.
దిద్దించలేదు.

ఆవిడ వచ్చి రెండు రోజులు ఊరికే కూర్చుంది.
మూడో రోజు నేనే అన్నాను:
చల్లకొచ్చి ముంత దాచడమెందుకు, దర్మీ?
ముంత కాదు, పసుపు రంగు డబ్బా బయటికి తీసింది.
మూత తిప్పగానే కొట్టంతా పులుపు.
ఇరవై లీటర్ల ఒంటెపాలు.
నాన్యుకీ దాటాక బస్సు టైరు పేలి
నాలుగు గంటలు ఎండలో ఆగినందుకు
ఎవరికీ కాకుండా పోయినవి.
"బస్సు మీద కట్టుకెళ్ళే ఫ్రిజ్ కావాలి.
డబ్బు నెలకింతని ఇస్తా."
ఎంతని నేనడగలేదు.
ఆవిడా చెప్పలేదు.

బోల్తా పడ్డ టీకాల బండిలోంచి కంప్రెసర్,
పన్నెండు వోల్టులది, రెండు పిడికిళ్ళంత.
మూతబడ్డ హోటల్ ఫ్రీజర్‌లోంచి చలి పలక.
లారీ ఏసీది వంకర జాలీ, ఎవరి కంప్యూటర్‌దో ఫ్యాను.
కిసుము నుంచి చేపలొచ్చిన థర్మోకోల్ పెట్టె;
బూడిదతో మూడుసార్లు, నిమ్మకాయతో రెండుసార్లు తోమినా
అది చెరువునే తలుచుకుంటోంది.
బయటి గోడలకి ఓడిపోయిన అభ్యర్థి ప్రచారపు రేకు.
ఆయన నవ్వు లోపలివైపుకి తిప్పాను.

చల్లదనం చేయడం ఎవరి తరమూ కాదు.
లోపలి వేడిని పిడికెడు పిడికెడుగా ఎత్తి
బయట పారబోయడమే నా పని.
కూలిపని. గ్యాసు మోస్తుంది, నేను దారి వేస్తాను.

వెండి పుల్లతో ఏడు అతుకులు.
సబ్బు నురగ పూస్తే ఆరో అతుకు మీద
పాలు తాగిన పసివాడి పెదవి మీద లాగా
ఒక్క బుడగ.
మళ్ళీ కాల్చాను.
నగల కొట్టు త్రాసు అరువు తెచ్చి
ఇరవై ఎనిమిది గ్రాముల గ్యాసు తూచాను.
పలక మీద మంచు పూసింది!
దర్మి వేలితో గీత గీసి, ఆ వేలు నాలుక మీద పెట్టుకుంది.

ఇరవై నిమిషాలు.
తర్వాత మంచు కరిగింది, కాసేపటికి మళ్ళీ పట్టింది, మళ్ళీ పోయింది.
తప్పు నాదే.
రెండొందల షిల్లింగులు మిగులుతాయని పాత ఫిల్టరే వేశాను,
గాలి పీల్చే పంపు గంటకే ఆపాను.
లోపల మిగిలిన తడి ఒక్క చుక్క
వెంట్రుకంత గొట్టంలో గడ్డకట్టి
దారికి అడ్డం కూర్చుంది.
ఆవిడకిదంతా చెప్పలేదు. "రేపు రా" అన్నాను.
కోసి, కొత్త ఫిల్టర్ వేసి, రాత్రంతా పంపు తిప్పి
దాని పక్కనే పడుకున్నాను.

కండక్టరు రెండు తీగలకి కూడా టిక్కెట్టు అడిగాడట.
పాలు మాత్రం నైరోబీ దాకా తొణకలేదు, విరగలేదు.
"నీ కడుపు చల్లగా" అని ఫోన్లో అరిచింది,
వెనక ఈస్ట్‌లీ సందడి.

వారం తిరక్కుండా మళ్ళీ నా స్టూలు మీద.
కొనేవాళ్ళు మొహం చిట్లిస్తున్నారట:
ఈ పాలు ప్రయాణం చేసినట్టు లేవు, రుచి లేదు,
ఇవి ఒంటెవేనా?
నేను పెట్టె వంక చూశాను. అది బుద్ధిగా గుర్రుమంటోంది.
కోళ్ళ ఇంక్యుబేటర్‌లోంచి ఒక మీట ఊడదీసి
దానికి బిగించాను.

ఇప్పుడు మునుపటిలాగే పుల్లలు కాల్చి
డబ్బాకి పొగ పట్టించి పాలు పోస్తోంది.
తికా ఊరు రాగానే మీట ఆపేస్తోందట,
మిగతా దారి పాలని పాలలాగే పోనీ అని.

ఈ నెల డబ్బు ఇవ్వలేదు.
ఇందాక ఒక చెంబు నా పనిముట్ల మధ్య పెట్టి వెళ్ళింది.
పొగ వాసన, కొంచెం పులుపు,
అడుగున ఎక్కడో కిసుము చేప.
చెంబు ఇంకా చెమటలు కక్కుతోంది.